సరోవర విహార శాస్త్రం: ఖరిదా శాఖ

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చి చెప్పాలని పెద్దల నియమం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ విషయం, పిల్లాజెల్లాతో సరస్సు ఒడ్డుకు వెళ్లి సెలవులు గడపడం. ప్రయోజనం, గడిపి వచ్చామని పక్కింటివాళ్లకు చెప్పుకోవడం. సంబంధం, రైల్వే పాసు. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, ఖరగ్‌పూర్‌లో ఖరిదాలోనో మథురాకాటీలోనో నింపురాలోనో కాపురం ఉండి, తాతల ఊరు శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో ఉండి, ఇంట్లో కనీసం ఒకరు రైల్వే జీతం తిన్నవాడు. తక్కినవాళ్లు చదివితే పాపం లేదు, ఫలం మాత్రం దక్కదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి అడుగుతాడు: ఖరిదాలో గిరిమైదాన్ స్టేషనుంది, పక్కన గోల్‌బజారుంది, వర్క్‌షాపు కూత ఉంది, సరస్సెక్కడుంది? సమాధానం తేలిక. ఉన్న ఊళ్లోనే సరస్సుంటే అది విహారం అనిపించుకోదు, స్నానం అనిపించుకుంటుంది. విహారానికి సామాను కట్టాలి. సామాను కట్టాలంటే దూరం ఉండాలి. కాబట్టి ఖరిదాలో సరస్సు లేకపోవడమే ఈ శాస్త్రానికి పునాది.

ముందుగా జలభేదం. దీఘా అన్నిటికన్నా దగ్గర, కానీ అది సముద్రం. దాని శాస్త్రం వేరు, అందులో పెద్ద ప్రకరణం ఎండు చేపల బేరం. పూరీ కూడా సముద్రమే, అయితే అక్కడ జగన్నాథుడున్నాడు గనక అది విహారం కింద రాదు, యాత్ర కింద వస్తుంది. యాత్రలో సరదా పడటం నిషిద్ధం కాకపోయినా పైకి కనబడకూడదు. ఈ రెండూ తీసేస్తే మనకు మిగిలేవి రెండు: ఒరిస్సాలో చిలకా, బాంకురా జిల్లాలో ముకుట్‌మణిపూర్. మొదటిది ఉచితం, కానీ దిగడానికి లేదు. రెండోది దిగవచ్చు, కానీ చందా ఇవ్వాలి. శాస్త్రమంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

చిలకా మంచినీటి సరస్సేనా అన్నది పండితులు ఇంతవరకూ తెగనివ్వని వివాదం. ఉప్పుటేరు జాతి, సముద్రానికీ దానికీ మధ్య సన్నటి ఇసుకదిబ్బే అడ్డం. అయితే ఉత్తరం వైపు నుంచి దయ, భార్గవి లాంటి మహానది పాయలు వచ్చి పడతాయి గనక వానాకాలంలో ఆ కొస నీళ్లు దాదాపు మంచినీళ్లే. వేసవి వచ్చేసరికి ఉప్పు తిరగబడుతుంది. విస్తీర్ణం కూడా నిలకడ మీద ఉండదు, వానల్లో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి, ఎండల్లో 900 దగ్గరికి కుంచించుకుపోతుంది. పూడిక పడి ఉప్పు మరీ తగ్గిపోతోందని 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. తవ్వాక రొయ్యలూ పీతలూ మళ్లీ పుంజుకున్నాయి. అంటే, మన శాస్త్రానికి కావలసిన మంచినీటి గుణం చిలకాకి జబ్బు లక్షణమన్నమాట. అయినా ఖరిదా శాఖ దాన్ని మంచినీటి సరస్సుగానే లెక్కిస్తుంది. ఎందుకంటే ఆ నీళ్లు నోట్లో పోసుకుని చూసినవాడు మా శాఖలో ఒక్కడూ లేడు.

ఎందుకు లేడన్నది తెలియాలంటే పాసు సంగతి తెలియాలి. సర్వీసు ఐదేళ్లు దాటిన రైల్వే ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్ల పాసులు, పైన నాలుగు పీటీఓలు, అంటే ప్రివిలేజ్ టికెట్ ఆర్డర్లు. పాసు మీద చార్జీ లేదు, పీటీఓ మీద మూడో వంతు. బీఎన్ఆర్, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టినప్పుడు గంజాం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఆ పాసు మీదే వేసవికి ఊరు వెళతారు. దారిలో కాలుపాడాఘాట్ దాటింది మొదలు బాలుగావ్, చిలకా, ఖల్లికోట, రంభ వరకూ పట్టాలు సరస్సు ఒడ్డున ఒరుసుకుంటూ పోతాయి. కాబట్టి ఖరిదా కుటుంబం ఏటా సెలవులకు సరస్సు ఒడ్డుకు వెళుతుంది. ఒడ్డున ఆగదు, అంతే తేడా.

ఈ విహారంలో తొలి క్రియ స్థల నిర్ణయం. కిందికి వెళ్లేటప్పుడు నీళ్లు ఎడమ చేతి వైపు, తిరిగి వచ్చేటప్పుడు కుడి చేతి వైపు. ఇంతవరకూ అభిప్రాయ భేదం లేదు. చిక్కల్లా పెట్టెతో. స్లీపర్ పెట్టెలో ఒక వైపు మూడేసి బెర్తులూ ఎదురెదురు బెంచీలూ, రెండో వైపు సైడ్ లోయరూ సైడ్ అప్పరూ. పెట్టె ఏ ముఖంగా తగిలించారన్నది యార్డు వాడి దయ. బెంచీల వైపు నీళ్లొస్తే మన అదృష్టం. సైడ్ లోయర్ వైపు వస్తే ఆ సీటు మీద ఆర్ఏసీలో ఇద్దరు పరాయివాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్ల తలల మధ్య జానెడు సందులోంచి ఎనిమిది మంది మనవాళ్లు సరస్సును పంచుకోవాలి. ఈ నష్టాన్ని ముందే పసిగట్టాలని, బండి రాకముందే ప్లాట్‌ఫాం మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి విచారించే మావయ్యలుంటారు. 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం అది. 2013లో గోరఖ్‌పూర్ వాళ్లు ఇంకా పొడుగు కట్టేవరకూ ప్రపంచంలో అదే పొడవైనది. ఆ కొసకు వెళ్లిన మావయ్య తిరిగి వచ్చేలోగా బండి కదిలిపోతుందేమోనని ఇల్లాలు పడే బెంగ కూడా విహారంలో భాగమే.

ఇక అసలు ప్రశ్న: సరస్సును చూశామని ఎలా తెలుస్తుంది? మన తార్కికులు ప్రమాణాలు నాలుగన్నారు. నాలుగూ ఈ పెట్టెలోనే దొరుకుతాయి.

ప్రత్యక్షం కిటికీ పక్కవాడిది. కానీ కిటికీ పక్క సీటు ఏడ్చి సాధించుకున్నవాడు ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. వాడు భువనేశ్వర్ దాటగానే ఊచలకు చెంప ఆనించి నిద్రపోతాడు. లేపితే మళ్లీ ఏడుస్తాడు గనక ఎవరూ లేపరు. కాబట్టి ప్రత్యక్ష ప్రమాణం ఉంది, దాన్ని వాడుకునే మనిషి లేడు. సరస్సు దాటిపోయాక వాడి చెంప మీద రెండు ఊచల గుర్తులు మాత్రం మిగులుతాయి.

అనుమానం పై బెర్తు వాళ్లది. పొగను చూసి నిప్పును ఊహించినట్టే, కింద మెడలన్నీ ఒకేసారి ఎడమకు తిరగడం చూసి పైనున్న నానమ్మ నీళ్లను ఊహిస్తుంది. "ఓలప్పా, వచ్చీసిందేటి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాళీజాయి అమ్మవారికి దండం పెట్టేస్తుంది. సరస్సులో ఆ అమ్మవారి దీవి ఏ దిక్కున ఉందో పైనుంచి కనబడదు. అమ్మవారికి నానమ్మ కనబడుతుంది గనక నష్టం లేదు. అయితే ఈ ప్రమాణంలో ఒక దోషముంది. మెడలు టీ కుర్రాడి కోసం కూడా తిరుగుతాయి. టీ కెటిలుకు దండాలు పడిన సందర్భాలు శాఖ చరిత్రలో తక్కువేం లేవు.

ఉపమానం అన్నం తినిపించేవాళ్లది. "మన ఊరి చెరువు లేదూ, అలాటిదే, ఇంకా పెద్దది" అని తల్లి చెబుతుంది. పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లో అయిన పిల్లకు ఆ ఊరి చెరువు తెలియదు. రేపు ఊళ్లో చెరువు చూపిస్తే "చిలకా లాగుంది, ఇంకా చిన్నది" అంటుంది. ఉపమానం రెండు వైపులా పనిచేయడం దీన్నే అంటారు.

శబ్దం కోరమాండల్ ప్రయాణికులది. సాయంత్రం ఖరగ్‌పూర్లో ఎక్కితే చిలకా పక్క నుంచి పోయేసరికి బాగా రాత్రి. లైట్లార్పి అందరూ పడుకున్న వేళ, రిటైరైన మావయ్య లేచి కూర్చుని, చీకట్లోకి చెయ్యి చాపి "అదిగో చిలకా" అంటాడు. అంతే, చూసినట్టే. ఆయన ఆ లైన్లో గార్డుగా చేసినవాడు, ఆప్తుడు, ఆయన మాట వేదం. దూరాన నాలుగు దీపాలు మిణుకుమంటే పడవలన్నాడు. అవి పడవలే. ఊళ్లో దీపాలేమోనని అనుమానించిన కోడలు మరుసటి ఏడాది సీటు విషయంలో ఆయన సాయం కోల్పోతుంది.

మీమాంసకులు ఇవి చాలవని అనుపలబ్ధి అనే మరో ప్రమాణం చెబుతారు. కనబడకపోవడం ద్వారా లేదని తెలుసుకోవడం. ఇది తండ్రుల సొత్తు. ఖుర్దారోడ్డు దాటింది మొదలు తండ్రి బెర్తు సర్దుబాటు కోసం టీటీఈ వెనక పెట్టె పెట్టె తిరుగుతాడు. పని పూర్తి చేసుకుని, గెలిచిన ముఖంతో వచ్చి కిటికీలోంచి చూస్తే గంజాం పొలాలు. "చిలకా ఎప్పుడెళ్లిపోయింది?" అని అడుగుతాడు. ఉద్యోగమంతా ఈ ప్రశ్న అడిగి, రిటైరయ్యాక పాసు మీద తీరిగ్గా కూర్చుని చూద్దామనుకుంటే, అప్పటికి చూపు మందగించి ఏసీ పెట్టెలో పచ్చద్దం అడ్డం వస్తుంది.

మెయిల్లో వెళ్లేవారి సమస్య వేరు. బండి భువనేశ్వర్ దాటేసరికి పొద్దెక్కుతుంది, సరస్సు సరిగ్గా టిఫిను వేళకు వస్తుంది. నీళ్లు కనబడటం, పులిహోర డబ్బా మూత తీయడం రెండూ ఒకేసారి. ఇలాంటి చోట ఏ విధి బలవత్తరం? నీళ్లు రేపూ ఉంటాయి, పులిహోర ఉండదు. సిద్ధాంతం స్పష్టం. ఫలక్‌నుమాలో వెళితే భోజనమయ్యాక వస్తుంది. అది నిద్రవేళ, చర్చే లేదు.

ఇప్పుడు పూర్వపక్షి మళ్లీ లేస్తాడు, ఈసారి గట్టిగా. పాసు మీద దారిలో దిగి ఆగే వెసులుబాటు ఉంది కదా? బాలుగావ్‌లో దిగి బర్కుల్ వెళితే ఒరిస్సా టూరిజం వాళ్ల పాంథనివాస్ ఉంది, రంభలోనూ ఉంది. పడవలున్నాయి. చలికాలంలో నలబన దీవి మీదికి దేశాంతరాల నుంచి పక్షులొస్తాయి. 1981లోనే చిలకా రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. సైబీరియా వైపు నుంచి పాసు లేకుండా వచ్చే పక్షులే అక్కడ దిగుతుంటే, చేతిలో పాసున్న మీరెందుకు దిగరు?

దీనికి ఖరిదా శాఖ ఒకే ఒక సూత్రం చెబుతుంది: చుట్టం లేని స్టేషన్లో దిగరాదు. వ్యాఖ్యానం: దిగితే ఎవరింట్లో స్నానం చేస్తారు? ఎవరు "ఏటి, ఇలా సిక్కిపోనారు" అంటారు? పచ్చడి జాడీ ఎవరికిస్తారు? ఎవరిమీద అలుగుతారు? ఇవేవీ లేకుండా ఒక గదికి డబ్బు కట్టి, కొత్త పక్క మీద పడుకుని, పొద్దున్నే లేచి నీళ్లకేసి చూడటం పనిలేనివాడి పని. పలాసలో దిగితే చిన్నాన్న ఉన్నాడు, సోంపేటలో అత్త ఉంది, నౌపడాలో వియ్యంకులున్నారు. రంభలో ఎవరున్నారు?

ఇక్కడ చరిత్ర తెలిసినవాడికి కాస్త మనసు కలుక్కుమంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకూ రంభా, ఇచ్ఛాపురమూ, శ్రీకాకుళమూ అన్నీ మద్రాసు రాజధానిలో గంజాం జిల్లాయే. చిలకా దక్షిణపు ఒడ్డు మా తాతల సొంత జిల్లాలో ఉండేది. ఆ రోజుల్లో ఒక మేనమామనైనా అక్కడికి కాపురానికి పంపి ఉంటే ఈ శాస్త్రం మరోలా ఉండేది. పంపలేదు. రంభలో సరస్సు ఒడ్డున నిజంగా మకాం పెట్టినవాడిగా మనకు గట్టిగా దొరికే పేరు గంజాంలో ఈస్టిండియా కంపెనీ కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దొర. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నీళ్ల పక్కనే పెద్ద మేడ కట్టించుకున్నాడు. లెక్కలు తేలక కొలువు పోయిందనీ, పెన్షను ఇవ్వనంటే లండన్‌లో కంపెనీ కచేరీ ముందు చీపురు పట్టి వీధి ఊడ్చి పరువు తీసి సాధించాడనీ కథ చెబుతారు. చుట్టం లేని చోట దిగితే చివరికి చీపురు పట్టాల్సి వస్తుందని మా శాఖవాళ్లు దీన్ని ఉదహరిస్తారు. పెన్షను వచ్చిందన్న భాగాన్ని రైల్వేవాళ్లం గనక ఇంకాస్త శ్రద్ధగా వింటాం.

రెండో సరస్సుకు వద్దాం. ముకుట్‌మణిపూర్‌కు రైలు లేదు, పాసు చెల్లదు. అందుకే చుట్టం సూత్రం కూడా అక్కడ చెల్లదు, ఎందుకంటే చుట్టాలందరినీ బస్సులో వెంట తీసుకెళతాం. డిసెంబరు చివరి వారం, పరీక్షలైపోయి ఉంటాయి, ఖరిదా వీధిలో నాలుగైదు ఇళ్లు కలిసి బస్సు మాట్లాడతాయి. ఇంటికింత అని చందా. తెల్లారకముందు బయల్దేరి, చీకటి పడ్డాక తిరిగి రావడం. రాత్రి ఉండటం నిషిద్ధం, దానికి పైన చెప్పిన కారణమే.

బస్సు మేదినీపూర్ చేరకముందే కాసాయి వంతెన దాటుతుంది. చలిలో మఫ్లర్లు చుట్టుకున్నవాళ్లెవరూ కిందికి చూడరు. ఆ కాసాయికే ఎగువన, కుమారి నది వచ్చి కలిసేచోట కట్టిన ఆనకట్టే ముకుట్‌మణిపూర్. 1956లో, విధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉండగా సేద్యపు నీళ్ల కోసం తలపెట్టిన ప్రాజెక్టు. మట్టికట్టే పది కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఇంటి దగ్గర వంతెన కింద పారే నీళ్లను, పూటంతా ప్రయాణం చేసి, ఆగి ఉండగా చూడటమన్నమాట. పారే నీళ్లు చూడటానికి చందా ఎవడూ ఇవ్వడు. ఇది అసలుసిసలు మంచినీటి సరస్సు, చుట్టూ గుట్టలు, ఎర్రమట్టి, సాల చెట్లు. దృశ్యం గురించి ఇంతకంటే చెప్పడానికి శాస్త్రంలో చోటు లేదు. బస్సు దిగిన తొలి అరగంట పొయ్యికి గాలి తగలని చోటు వెతకడంలో పోతుంది, దొరికాక ఆ చోటు సరస్సుకు వీపు పెట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఇంట్లో ఏడాది పొడుగునా గరిటె ముట్టని మగవాళ్లు సరస్సు ఒడ్డున మేక మాంసం వండుతారు. ఆడవాళ్లు టార్పాలిన్ మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగి ఇవ్వడం వరకే. కూర్చున్న చోటు నుంచి గుండిగ కనబడాలి, సరస్సు కనబడకపోయినా ఫరవాలేదు. మసాలా దాకా అంతా సాఫీగా సాగుతుంది. ఉప్పు దగ్గర శాస్త్రం మొదలవుతుంది.

"బావా, ఉప్పేసేవా?"

"ఏసేసినట్టే ఉన్నాను."

"ఏసేసినట్టేటి? ఏసేవా నేదా?"

"నువ్వెయ్యలేదూ?"

ఈ సంభాషణ జరిగిన తర్వాత ఇద్దరిలో ఒకడు, అవతలివాడు చూడకుండా, గుప్పెడు వేస్తాడు. కాసేపటికి రెండోవాడు కూడా వేస్తాడు. అక్క లేచొచ్చి పులుసు అరచేతిలో వేసుకుని నాకి, ఏమీ అనకుండా నాలుగు బంగాళాదుంపలు కోసి గుండిగలో పడేసి, మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. ఇందులోంచి రెండో సూత్రం పుడుతుంది: సరస్సులో లేని ఉప్పు కూరలోకి వస్తుంది. చిలకాలో ముఖద్వారం తవ్వి ఉప్పు సరిచేసినట్టు ఇక్కడ బంగాళాదుంపలతో సరిచేస్తారు. ఒరిస్సాలో దానికి ఇంజనీర్లు కావలసి వచ్చారు, మా దగ్గర అక్క ఒక్కతే.

అన్నాలయ్యేసరికి మూడు దాటుతుంది. అప్పుడు పిల్లలకు పడవ గుర్తొస్తుంది. అవతలి ఒడ్డున జింకల పార్కుంది, పడవవాడు పిలుస్తుంటాడు. పెద్దవాళ్లు రేటు అడుగుతారు, మనిషికా పడవకా అని తేల్చుకుంటారు, తేలేసరికి పొద్దు వాలుతుంది, డ్రైవరు హారన్ కొడతాడు. పక్క పార్టీ బెంగాలీలు స్పీకరు పెట్టి ఇంకా డాన్సు చేస్తూనే ఉంటారు. వాళ్లు రాత్రి ఉంటారట. మావాళ్లు జాలిగా చూస్తారు.

ఈ శాస్త్రానికి ఇటీవల విదేశాల నుంచి ఒక సవాలు వచ్చింది. ఖరిదా పిల్లలు కొందరు చదువుకుని అమెరికా వెళ్లారు. షికాగో చుట్టుపక్కల ఉన్నవాళ్లు వేసవిలో మిషిగన్ సరస్సు ఒడ్డుకు వెళ్లి అక్కడి నుంచి వీడియో కాల్ చేస్తారు. దాదాపు 58,000 చదరపు కిలోమీటర్ల మంచినీళ్లు. చిలకాలు యాభై పడతాయి. అవతలి ఒడ్డు కనబడదు, అలలొస్తాయి, ఇసుక మేటలున్నాయి, ఆ ఒడ్డు ఊళ్లలో ఇళ్లు వారాల లెక్కన అద్దెకు దొరుకుతాయి. కుటుంబాలు కుటుంబాలే వెళ్లి వారం పాటు ఉండి నీళ్లకేసి చూస్తారు. అక్కడ చుట్టాలు లేకుండానే.

ఖరిదాలో ఫోను చేతులు మారుతుంది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చూస్తుంది.

"సముద్రమేనేటి?"

"కాదు పెద్దమ్మా, మంచినీళ్లు. తాగొచ్చు కూడా."

"మరి కెరటాలెందుకొస్తన్నాయి?"

"గాలికి."

"ఉప్పు నేకుండా కెరటాలా?" పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "ఎవలింట్లో దిగేరు?" అంటుంది.

అద్దె ఇంట్లో అని మనవడు చెబుతాడు. వారానికెంతో కూడా చెబుతాడు, చెప్పకుండా ఉండాల్సింది. పెద్దమ్మ వేళ్ల మీద దాన్ని రూపాయల్లోకి మార్చి, ఫోను కోడలికిచ్చేస్తుంది. ఖరిదా శాఖ తరఫున ఆ సవాలుకు ఇంతవరకూ వచ్చిన ఖండన గ్రంథం ఇంతే.

మరో వివాదం కూడా ఇప్పటికీ తేలకుండా ఉంది. పోయిన డిసెంబరు పిక్నిక్కుకు ఉప్పు పాకెట్టు తెస్తానన్నవాడు మరిచిపోయాడు. ఆనకట్ట దగ్గర కొట్లో ఎక్కువ ధర పెట్టి కొనాల్సి వచ్చింది. ఆ ఖర్చు చందాలోంచి పోవాలా, మరిచిపోయినవాడి మీద పడాలా అన్నది ప్రశ్న. కూరలో ఉప్పెక్కువైంది గనక అసలు కొనకుండా ఉండాల్సిందని ఒక వాదం, ఎక్కువ వేసిన ఇద్దరూ చెరి సగం పెట్టుకోవాలని ఇంకొక వాదం. మిగిలిన ముప్పావు పాకెట్టు ఎవరింటికి పోయిందో చెప్పాకే పైసా ఇస్తానని మరిచిపోయినవాడు కూర్చున్నాడు. పద్దు పుస్తకం అక్క దగ్గరుంది, ఈ ఏడాది బస్సుకు అడ్వాన్సు కట్టేలోగా తేల్చాలి.